గొలుసుకట్టు రాత

మొదటి ఎన్నికలు అయిన ఏడాది, దసరా సెలవుల తర్వాత బడి తెరిచిన రోజున, హెడ్‌మాస్టరు బంగారయ్య మూడో తరగతి గుమ్మంలో నిలబడి, ఇక మీదట పిల్లలంతా ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా కాకుండా కలిపి రాయాలని చెప్పి వెళ్ళిపోయాడు. లోపలికి కూడా రాలేదు. ఆ పని చేయించాల్సిన పంతులమ్మ తాయారమ్మకు మాత్రం ఆ చలికాలమంతా కళ్ళు మూసుకున్నా గీతలే కనిపించాయి.

రాయ్‌పూర్ స్టేషనుకు అవతల, రైల్వే క్వార్టర్ల చివర ఉన్న రెండు గదుల బడి అది. విజయనగరం లైను పడ్డాక ఆ లైను వెంటే వచ్చి ఇక్కడ ఉండిపోయిన తెలుగువాళ్ళ పిల్లలు సగం మంది, ఛత్తీస్‌గఢీ మాట్లాడే పిల్లలు సగం మంది. తాయారమ్మది పార్వతీపురం. ఎనిమిది దాకా చదివి, విజయనగరంలో ట్రెయినింగు పూర్తి చేసి, పార్సిల్ ఆఫీసు గుమాస్తా దానయ్యను పెళ్ళాడి ఇక్కడికి వచ్చింది. వేరే ఎవరో మానేస్తే ఆ ఖాళీలో వేసుకున్న ఉద్యోగం ఆమెది. చలికాలం చివర ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి, బాగుందని రాస్తే ఉంచుతారు. లేకపోతే ఇంటికే.

ఇందులో చిక్కేమిటంటే తాయారమ్మకు కలిపి రాయడం రాదు. ఇంగ్లీషు చదవగలదు, అచ్చులో ఉన్నట్టు ఒక్కో అక్షరం విడిగా రాయగలదు. ఆమె చదివిన బళ్ళో అంతకు మించి ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి ఆ సాయంత్రమే బంగారయ్యకు చెప్పింది, దాచుకోలేదు. ఆయన గడియారానికి కీ ఇచ్చుకుంటూ విన్నాడు.

"అక్షరాలొచ్చు కదమ్మా నీకు. వాటిని కలపడమే. రైల్లో ఉద్యోగం చేసేవాడు చీటీ మీద విడివిడిగా రాస్తూ కూచుంటే బండి వెళ్ళిపోదూ?" అన్నాడు.

మీరే నాలుగు రోజులు చూపించండి అని అడిగితే, తనకు చిన్న తరగతులతోనే సరిపోతోందని, ఇంట్లో దానయ్యలాంటి రాతగాడిని పెట్టుకుని బయట వెతుక్కోవడమేమిటని అన్నాడు.

దానయ్య రాతగాడే. పార్సిల్ ఆఫీసులో పొద్దస్తమానం రాసి రాసి ఆయన చెయ్యి పరుగులో పడిపోయింది. ఆయన రాసిన చీటీని బిలాస్‌పూర్‌లో ఇంకో పార్సిల్ గుమాస్తా చదవగలడు. మామూలు మనిషికి అది చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంటుంది. పొయ్యి మీద అన్నం ఉడికేలోగా నేర్పేస్తానని ఆయన ఆ రోజే కూర్చున్నాడు. కాగితం మీద ఒక మాట ఒక్క ఊపులో రాసి, అంతే, అన్నాడు.

ఇందులో 'ఆర్' ఎక్కడుందని తాయారమ్మ అడిగింది. అక్కడే ఉందన్నాడు. వేలు పెట్టి చూపించమంది. రాయగా రాయగా అదే కనపడుతుందన్నాడు. ఆమె రాయబోతే, కలం ఎత్తకు అన్నాడు. ఎత్తకుండా ఎటు పోవాలని అడిగితే ముందుకు పొమ్మన్నాడు. ముందుకు పోతే అది 'ఎన్' లాగా వచ్చింది. ఆయన నవ్వాడు. ఆమె కాగితం నలిపి పొయ్యిలో పడేసింది. అన్నం అడుగంటింది. అలా చాలా సాయంత్రాలు గడిచాయి. ముందురోజు మొగుడి దగ్గర తిట్లు తిని నేర్చుకున్నది, మర్నాడు పొద్దున్న నల్లబల్ల మీద రాసి పిల్లలకు చెప్పేది.

పిల్లల సంగతి ఇంకోలా ఉండేది. వాళ్ళకు కొత్తగా నాలుగు గీతల కాపీ పుస్తకాలు, సిరాలో ముంచి రాసే పాళీ కలాలు ఇచ్చారు. బిళ్ళలు నీళ్ళలో కరిగించి సిరా చెయ్యడం తాయారమ్మ పనే. మొదటి వారం అక్షరాల మాటే లేదు. సిరా ఎక్కువ ముంచుకోవడం, విదిలించడం, ముందు కూర్చున్నవాడి చొక్కా వెనక చుక్కలు పడటం, వాడు ఏడవడం, మర్నాడు వాడి తల్లి రావడం.

తర్వాత అక్షరాలు మొదలయ్యాయి. ఇంజన్లు కడిగే ఆయన కొడుకు బిసాహు, హిందీ అలవాటు ప్రకారం ప్రతి ఇంగ్లీషు మాటకూ పైన ఒక అడ్డగీత లాగేవాడు. అక్షరాలు విడిగానే ఉండేవి, ఆ గీతకు ఉతికిన బట్టల్లా వేలాడేవి. ఏమిటిది అంటే, కలిపేశాను కదా బహెన్‌జీ అనేవాడు. నిజానికి కలిసే ఉన్నాయి. తెలుగు పిల్లలు తక్కువ తినలేదు. ఇంట్లో తల్లులు నేర్పిన తలకట్టు వాళ్ళ చేతి నుంచి పోలేదు. 'ఎన్' రాసి దాని నెత్తిన తలకట్టు, 'యు' రాసి దాని నెత్తిన తలకట్టు. ఒక వరుస దిద్ది వచ్చేసరికి రెండో వరుసలో మళ్ళీ అవే మొలిచేవి.

'ఐ' మీద చుక్క పెట్టడం ఇంకో గొడవ. చుక్క పెట్టాలంటే కలం ఎత్తాలి, ఎత్తొద్దని చెప్పింది తనే. మాట అంతా రాశాక వెనక్కి వచ్చి పెట్టమంది. కొందరు మర్చిపోయారు. కొందరు గుర్తుంచుకుని, ఎక్కడ పెట్టాలో మర్చిపోయి, ఎందుకైనా మంచిదని అన్నిటి మీదా పెట్టారు.

'ఓ' దగ్గర అయితే ఆమెకు ఓపిక పూర్తిగా పోయింది. 'ఎ' తర్వాత గీత కింది నుంచి బయలుదేరుతుంది, 'ఓ' తర్వాత పైనుంచి బయలుదేరుతుంది. ఇది ఆమెకే ఒక పట్టాన అర్థం కాలేదు, దానయ్యకు తెలిసి కూడా చెప్పడం రాలేదు. అర్థమయ్యాక ఆమె దాన్ని రోజూ చెప్పింది. బల్ల మీద రాసి చెప్పింది, చేతులు పట్టుకుని దిద్దించింది, గాలిలో వేలితో గీయించింది. పిల్లలు గాలిలో చక్కగా గీసేవారు. కాగితం మీదికి వచ్చేసరికి 'ఓ' లన్నీ 'ఎ' లు అయిపోయేవి.

అందరిలోకీ ఆమెను విసిగించింది దాలమ్మ. స్టేషనులో పట్టాలు మార్చే పరదేశి అనే ఆయన కూతురు. ఆ పిల్ల అల్లరి చెయ్యదు, మాట్లాడదు, చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. చిక్కంతా అక్కడే వచ్చింది. కలం ఎత్తొద్దని చెప్పిన రోజు నుంచి దాలమ్మ ఎత్తలేదు. మాటకూ మాటకూ మధ్య కూడా ఎత్తలేదు. వరుస చివరికి వచ్చాక, అక్కడి నుంచి ఒక గీత కిందికి ఈడ్చుకుంటూ వెనక్కి తెచ్చి రెండో వరుస మొదలుపెట్టింది. పేజీ నిండేసరికి అది రాతలా లేదు, విప్పేసిన ఊలు దారంలా ఉంది. మధ్యలో సిరా అయిపోతే ఏం చేశావని తాయారమ్మ అడిగింది. పాళీ అక్కడే ఆనించి ఉంచి, పక్కనున్న పిల్ల కలంతో దాని మీద చుక్క వేయించుకున్నానని చెప్పింది.

"మాట అయ్యాక ఎత్తాలే, దాలమ్మా."

"ఎత్తొద్దని మీరే అన్నారు కదండీ."

"మాట మధ్యలో ఎత్తొద్దన్నాను."

దాలమ్మ, మాట అయిపోయిందని కలానికి ఎలా తెలుస్తుందని అడిగింది. తాయారమ్మ నుదురు పట్టుకుని కుర్చీలో కూర్చుంది. ఆ సాయంత్రమే పిల్ల తల్లి పైడమ్మ బడికి వచ్చింది. అన్నానికి పిలిస్తే పిల్ల గీత అవనిదే లేవనంటోందని, ఇదెక్కడి చదువని నెమ్మదిగానే అడిగి వెళ్ళింది. తిట్టినా బాగుండేదనిపించింది తాయారమ్మకు.

ఇంటికి వచ్చి చెప్పుకుంటే దానయ్య వినేవాడు కాదు. పిల్లలకు రాకపోవడం ఉండదని, చెప్పేవాళ్ళకు చెప్పడం రాకపోవడమే ఉంటుందని అనేవాడు. తను అయితే ఒక్క పూటలో దారిలో పెడతానన్నాడు. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాడు. ఆమె గిన్నెలు గట్టిగా పెట్టేది.

పుష్యమాసంలో ఆమెకు చలిజ్వరం వచ్చింది. రెండు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. రైల్వే దవాఖానాలో చేదు మందు ఇచ్చి పడుకోమన్నారు. ఆ రోజే బంగారయ్య మీటింగు కోసం బిలాస్‌పూర్ వెళ్ళాడు. బడి తెరిచేవాళ్ళు లేరు. దానయ్యకు ఆ రోజు డ్యూటీ సాయంత్రం. ఇస్త్రీ చొక్కా వేసుకుని, బడి తాళం తీసుకుని, పడుకో, నేను చూసుకుంటాను అని బయలుదేరాడు. వద్దని చెప్పే ఓపిక ఆమెకు లేదు. వెళ్ళనియ్యాలన్న కోరిక కూడా కొంచెం ఉంది.

మధ్యాహ్నం బడి వదిలే ఛుట్టీ గంట కొట్టక ముందే ఆయన తిరిగి వచ్చాడు. చొక్కా జేబు దగ్గర పెద్ద సిరా మరక ఉంది. కుండలోంచి నీళ్ళు ముంచుకుని తాగాడు. ఆమెకు గంజి కాచి తెచ్చి పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"రోజూ ఇలాగే ఉంటారా?" అని అడిగాడు చివరికి.

"ఇవాళ మంచిగా ఉండుంటారు. మీరు కొత్త కదా," అంది తాయారమ్మ దుప్పట్లోంచి.

ఏం జరిగిందో ఆయన సగమే చెప్పాడు. మిగతా సగం జ్వరం తగ్గి బడికి వెళ్ళాక పిల్లలు చెప్పారు. దానయ్య బల్ల మీద పార్సిల్ అనే మాట తన వేగంతో రాసి, ఇది చూసి రాయండి అన్నాడట. పిల్లలు అది మాట అనుకోలేదు, బొమ్మ అనుకున్నారు. ఉన్నది ఉన్నట్టు గీశారు. ఏం రాశారో చదవమంటే ఎవరికీ రాలేదు. అప్పుడు ఆయన ఒక్కో అక్షరం పేరు చెప్పాడు. దాలమ్మ లేచి బల్ల దగ్గరికి వెళ్ళి, ఆయన చెప్పిన అక్షరాలను వేలితో వెతుక్కుంటూ పోయి, 'ఆర్' లేదండీ అంది. ఉందన్నాడు. ఎక్కడని అడిగింది. ఆయన దగ్గరికి వచ్చి చూశాడు. లేదు. ఎన్నో ఏళ్ళుగా ఆయన పార్సిళ్ళ మీద ఆ అక్షరం రాయడం లేదు, ఆ సంగతి ఆయనకే తెలియదు. ఎనిమిదేళ్ళ పిల్ల చెప్పేదాకా ఎవరూ చెప్పలేదు. ఆ గందరగోళంలో వెనక బెంచీ పిల్లలు సిరాబుడ్డి దొర్లించారు, పట్టుకోబోతే అది ఆయన జేబు మీద ఒలికింది.

తాయారమ్మ ఇంటికి వచ్చి నవ్వుదామనుకుంది. దానయ్య అప్పటికే కాగితం, కలం పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఒక్కో అక్షరం మెల్లగా, చిన్నపిల్లాడిలా పెదవి కొరుక్కుంటూ రాస్తున్నాడు. నవ్వడం మానేసి పక్కన కూర్చుంది.

"ఈ 'ఆర్' ఎక్కడ మొదలవుతుందో నువ్వు చెప్పు," అన్నాడు. "నాకు చెయ్యి ఆగట్లేదు."

ఆ సాయంత్రం నుంచి పాఠం మారింది. ఆయన చెయ్యి వెళ్ళే దారి ఆమె చూసేది, ఎక్కడ ఆగాలో ఆమె చెప్పేది. ఏ అక్షరం ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తవుతుందో, తర్వాతి దానికి గీత ఎక్కడి నుంచి అందుతుందో ఇద్దరూ కలిసి తేల్చుకున్నారు. పోట్లాటలు పోలేదు. ఆమె తప్పు చెప్పినప్పుడు ఆయన విసుక్కునేవాడు, ఆయన తొందరపడినప్పుడు ఆమె కలం లాక్కునేది. కానీ అన్నం అడుగంటడం తగ్గింది.

బళ్ళో కూడా పని కొంచెం కదిలింది. మాటను ముందు పైకి పలికి, పలకడం పూర్తయినచోట కలం ఎత్తమని చెప్పింది. దాలమ్మకు అది చాలింది. పెదవులు కదుపుతూ రాసి, మాట పూర్తవగానే కలం గాలిలోకి పైకెత్తి, సరేనా అన్నట్టు పంతులమ్మ వైపు చూసేది. ప్రతి మాటకూ చూసేది. అదీ విసుగే, కానీ భరించగలిగిన విసుగు. బిసాహు అడ్డగీత మానలేదు గాని, గీత కింద అక్షరాలు నిజంగానే కలిశాయి. తలకట్లు తగ్గాయి. 'ఓ' లు సగం 'ఓ' లు అయ్యాయి.

శివరాత్రి దగ్గర పడుతుండగా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పిల్లలు తలలు దువ్వుకుని, చేతుల సిరా ఇటుకముక్కతో రుద్దుకుని కూర్చున్నారు. ఆయన ముందుగా తాగే నీళ్ళ కుండలు చూశాడు. మూతలు లేవన్నాడు. కిటికీకి అద్దం పగిలిందన్నాడు. హాజరు పట్టీ తిప్పాడు. బంగారయ్య మూడో తరగతి కాపీలను దొంతరగా పెట్టి ముందుకు జరిపాడు. ఇన్‌స్పెక్టరు వాటి మీద టోపీ పెట్టాడు. వచ్చే ఏడాది నుంచి చిన్న తరగతుల్లో ఇంగ్లీషు తీసేస్తున్నారని, ఇక హిందీ మీదే శ్రద్ధ పెట్టమని మాటల్లో మాటగా చెప్పాడు. విజిటర్ల పుస్తకంలో ఏదో గబగబా గీకి, టోపీ తీసుకుని, బండి వేళయిందని వెళ్ళిపోయాడు. కాపీ ఒక్కటి కూడా తెరవలేదు.

తాయారమ్మకు ఆ క్షణాన ఏడుపు రాలేదు. ఆ కాపీలన్నీ ఎత్తి ఎవరి నెత్తినైనా వెయ్యాలనిపించింది. ఎవరి నెత్తిన వెయ్యాలో తేలక ఊరుకుంది. దాలమ్మ చెయ్యెత్తి, ఆయన మా రాత ఎప్పుడు చూస్తారని అడిగింది. చూశారమ్మా, బాగుందన్నారు అని తాయారమ్మ అబద్ధం చెప్పింది.

ఇంకో చిక్కు మిగిలింది. ఆయన పుస్తకంలో రాసిపోయింది ఎవరూ చదవలేకపోయారు. బంగారయ్య కళ్ళజోడు తుడుచుకుని చూశాడు, వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. పిల్లలు కలిపి రాసి తీరాలని పట్టుబట్టిన మనిషి, కలిపి రాసిన మూడు వరుసలు చదవలేక, తాయారమ్మా, మీ ఆయన్ని ఒకసారి పిలిపించమ్మా అన్నాడు. తన ఉద్యోగం ఆ మూడు వరుసల్లో ఉందని ఆమెకు తెలుసు.

దానయ్య డ్యూటీ దిగి నేరుగా బడికి వచ్చాడు. మొదటి రెండు వరుసలు అలవాటు మీద చదివేశాడు. నీళ్ళ కుండలకు మూతలు పెట్టాలి, కిటికీ అద్దం వేయించాలి. మూడో వరుస పంతులమ్మ గురించి. ఆమెను ఏం చెయ్యవచ్చునో చెప్పే చివరి మాట దగ్గర ఆయన ఆగిపోయాడు.

మొదట 'సి' ఉంది. నడుమ 'టి', 'ఐ' ఉన్నాయి. చివర 'ఇ', 'డి' ఉన్నాయి. మిగతావన్నీ ఒకేలాంటి మెలికలు. 'సి' తర్వాత ఉన్నవి 'ఓ', 'ఎన్' అయితే అది కంటిన్యూడ్, అంటే ఈమెను కొనసాగించవచ్చు. 'ఎ', 'యు' అయితే కాషన్డ్, అంటే ఈమెను మందలించవచ్చు. కొనసాగించవచ్చు అనే తనకు అనిపిస్తోందని దానయ్య అన్నాడు. ఆ గొంతు విని, ఆయనకు తెలియదని, తనకు ధైర్యం చెప్పడానికి అంటున్నాడని తాయారమ్మకు తెలిసిపోయింది. బంగారయ్య, మందలింపు అయితే మాత్రం పెద్ద మునిగిపోయిందేముందని గొణిగాడు. ఆమె ఆయన వైపు చూసిన చూపుకు బయటికి వెళ్ళి గంట దగ్గర నిలబడ్డాడు.

ఆమె పుస్తకం తన వైపు తిప్పుకుంది. దానయ్యలా మాటను ఒక్క చూపులో పట్టుకోవడం ఆమెకు రాదు. పిల్లల కాపీలు చూసినట్టే చూసింది. 'సి' పక్కనున్న గుండ్రం నుంచి బయలుదేరిన గీత పైనుంచి వెళ్తోంది.

"ఇది 'ఓ'," అంది.

"ఈయన చెయ్యి ఎలా పోతుందో మనకేం తెలుసు?" అన్నాడు దానయ్య. "'ఎ' కూడా పైనుంచే లాగుతాడేమో."

"అయితే అదీ చూద్దాం."

పై వరుసలో నీళ్ళకు ఇంగ్లీషు మాట వాటర్ ఉంది, అందులో 'ఎ' ఉంది. దాని గీత కింది నుంచే వెళ్ళింది. మూత పెట్టాలన్న మాట కవర్‌లో 'సి' పక్కన 'ఓ' ఉంది. ఆ రెండక్షరాలను, కింది వరుస మాటలో మొదటి రెండక్షరాలను పక్కపక్కన వేళ్ళు పెట్టి చూపించింది. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. ఆ తొందరలో కూడా ఆ పెద్దమనిషి చెయ్యి తన అలవాటు తప్పలేదు. దానయ్య వంగి చూశాడు. మళ్ళీ చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, ఇంక ఇంటికి పోదాం పద అన్నాడు. దారిలో స్టేషను బయట దుకాణంలో వేడి జిలేబీ కట్టించాడు.

ఉత్తర్వు ఎండలు ముదిరాక వచ్చింది, టైపు చేసి వచ్చింది కాబట్టి ఎవరికీ చూపించక్కర్లేకపోయింది. తాయారమ్మను ఉంచారు. ఇంగ్లీషును తీసేశారు. మిగిలిన సిరా బిళ్ళలు, పాళీలు బంగారయ్య బీరువాలో పెట్టి తాళం వేశాడు. పిల్లలు అడిగితే, కలిపి రాయడం ఇక అక్కర్లేదని ఆయనే వెళ్ళి చెప్పాలని తాయారమ్మ పట్టుబట్టింది. గుమ్మంలో నిలబడి కాదు, లోపలికి వచ్చి చెప్పాలంది. ఆయన వచ్చి చెప్పాడు. అంత కష్టపడి నేర్చుకున్నది ఎందుకు వద్దని దాలమ్మ అడిగితే, పాఠం అయ్యాక ఇంట్లో రాసుకోమన్నాడు.

ఆ వేసవిలోనే ఒక రోజు దానయ్య మొహం ముడుచుకుని ఇంటికి వచ్చాడు. పార్సిల్ ఆఫీసు పెద్ద గుమాస్తా బడేబాబు పిలిచి అడిగాడట, పార్సిళ్ళు ఎందుకు పేరుకుపోతున్నాయని, ఒక్కో చీటీకి అంతసేపు ఎందుకు పడుతోందని. అన్ని అక్షరాలూ రాస్తున్నానని చెబితే, ఎవడు రాయమన్నాడని కసిరాడట.

"ఇదంతా నీ వల్లే," అన్నాడు చెప్పులు విప్పుతూ.

తాయారమ్మ ఒళ్ళో మూడో తరగతి హిందీ కాపీలున్నాయి. మాటలన్నిటికీ పైన అడ్డగీత ఉండాలి. తెలుగు పిల్లలు సగం మంది ఆ గీతే మర్చిపోయారు, దాని బదులు అక్షరాలను కింది నుంచి ఒకదానికొకటి తోకలు కలిపి పెట్టారు. ఆమె కలం పక్కన పెట్టి కళ్ళు గట్టిగా మూసుకుంది. మీరు కాళ్ళు కడుక్కుని వచ్చి ఈ సగం దిద్దండి అంది.